రాజుగారి గోడమీద సిలువ

క్రీ.శ. 1606 జూలై 15న హాలండు దేశంలోని లైడెన్ పట్టణంలో ఒక మిల్లు యజమాని ఇంట మగబిడ్డ పుట్టాడు. తల్లి రొట్టెలు కాల్చి అమ్ముకునే కుటుంబం నుంచి వచ్చింది. ఆ ఇంట అతడు తొమ్మిదో సంతానం. రైన్ నది పాయ ఒడ్డున ఉన్న మిల్లును బట్టి వాళ్లకు వాన్ రైన్ అనే ఇంటిపేరు వచ్చింది. ఆ బిడ్డే తర్వాతి రోజుల్లో లోకమంతా ఎరిగిన చిత్రకారుడు రెంబ్రాంట్. ప్రొటెస్టెంటు దేశాల చిత్రకారుల్లో బైబిల్ సంఘటనలను ఆయనంత లోతుగా ధ్యానించి గీసినవాళ్లు అరుదు.

ఆయన పుట్టేనాటికి మన హైదరాబాదు నగరం వయసు పదిహేనేళ్లు. ఆ రోజుల్లోనే, 1605-06లో, గోల్కొండ సుల్తాను అనుమతితో డచ్చి వర్తకులు మచిలీపట్నంలో తమ స్థావరం ఏర్పరచుకున్నారు. మన నేతగాళ్ల బట్టలు, కలంకారీ అద్దకాలు, గోల్కొండ వజ్రాలు వాళ్ల ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లడం మొదలైంది. 1626 నుంచి 1672 వరకు గోల్కొండను ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షా పాలన, రెంబ్రాంట్ కుంచె పట్టిన కాలం దాదాపు ఒక్కటే. కాబట్టి ఈ చిత్రకారుడి కథ మనకు సంబంధం లేని కథ అని పాఠకులు అనుకోనక్కరలేదు.

ఆనాటి ఐరోపా

రెంబ్రాంట్ జీవితం అర్థం కావాలంటే ముందు ఆ కాలం సంగతి తెలియాలి. మార్టిన్ లూథర్ సంస్కరణ ఉద్యమం తర్వాత రోమన్ కాథలిక్ సంఘం ట్రెంటు పట్టణంలో మహాసభ జరిపింది. 1563లో ఆ సభ దేవాలయాల్లో చిత్రాలు, ప్రతిమలు ఉండవచ్చని, అయితే అవి జనానికి విశ్వాసం నేర్పేవిగా ఉండాలని తీర్మానించింది. ఆ తీర్మానం తర్వాత, 1600 ప్రాంతం నుంచి, బరోక్ అనే శైలి బలపడింది. చీకటిలోంచి దూసుకువచ్చే వెలుగు, కదిలిపోయే శరీరాలు, కన్నీళ్లు, బంగారు తళుకు దాని లక్షణాలు. చూసినవాడి గుండె కరగాలి, తల వంగాలి. ఆ తల దేవునికే వంగుతోందా, దేవాలయం కట్టించిన దొరకు కూడా వంగుతోందా అన్నది అప్పుడూ తేల్చుకోవలసిన ప్రశ్నే. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ దేవాలయంలో బెర్నీనీ అనే శిల్పి 1624, 1633 మధ్య కట్టిన పెద్ద కంచు మండపం మీద తేనెటీగల బొమ్మలు కనిపిస్తాయి. అవి వాక్యంలోని తేనెటీగలు కావు. ఆ మండపం కట్టించిన పోపు ఎనిమిదో అర్బన్ కుటుంబపు రాజచిహ్నం.

అది వాళ్ల సంగతి, మనకేమిటి అని ప్రొటెస్టెంటు విశ్వాసులం చేతులు దులుపుకోవడం సులువే. 1566లో నెదర్లాండ్స్ అంతటా జనం దేవాలయాల్లో చొరబడి ప్రతిమలను, చిత్రాలను పగులగొట్టారు. తర్వాత అక్కడి సంస్కరణ సంఘం గోడలకు తెల్లసున్నం వేసి, వాక్యానికి మాత్రమే చోటిచ్చింది. అలా చిత్రకారుడికి దేవాలయం తలుపు మూసుకుపోయింది. కానీ అధికారానికీ భక్తి చిత్రానికీ ఉన్న ముడి తెగిపోలేదు. దేవాలయం గోడమీద నుంచి దిగిన సిలువ చిత్రం రాకుమారుడి భవనంలోకీ, వర్తకుడి హాల్లోకీ నడిచింది. రెంబ్రాంట్ బతుకంతా ఆ కొత్త పోషకుల మధ్యే గడిచింది.

దబీరు చేతి మీదుగా

పద్నాలుగేళ్లకే రెంబ్రాంట్ పేరు లైడెన్ విశ్వవిద్యాలయంలో నమోదైంది. చదువు మీద మనసు నిలవలేదు. ఒక స్థానిక చిత్రకారుడి దగ్గర సుమారు మూడేళ్లు, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో లాస్ట్‌మన్ అనే గురువు దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుని సొంత ఊరు చేరాడు. 1629లో ఒక చిన్న చిత్రం వేశాడు. యేసును అప్పగించిన యూదా ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చి యాజకుల ముందు పారవేసి, చేతులు పిసుక్కుంటూ మోకాళ్లూనిన దృశ్యం అది (మత్తయి 27:3-5). నేలమీద చెల్లాచెదురైన ఆ నాణేల మీద వెలుగు పడుతుంది. యాజకుడు ముఖం తిప్పుకుంటాడు.

ఆ చిత్రాన్ని చూసి ముగ్ధుడైన వ్యక్తి కాన్‌స్టాంటైన్ హైగెన్స్. దేశాధిపతి ఫ్రెడరిక్ హెండ్రిక్‌కు ఆయన కార్యదర్శి. మన పాతబస్తీలోని దబీర్‌పురా పేరు వినే ఉంటారు. పారసీలో దబీరు అంటే రాజుగారి లేఖలు రాసే కార్యదర్శి. గోల్కొండ దర్బారులో దబీరు ఎంత ముఖ్యుడో, డచ్చి దర్బారులో హైగెన్స్ అంత ముఖ్యుడు. ఆయన మాట మీద మిల్లు యజమాని కొడుకు పేరు ఏలిక చెవిన పడింది.

భక్తీ రాజపోషణా కలిసి నడవడం ఒక్క ఐరోపా సంగతి కాదు. అదే దబీర్‌పురాలో మన ముస్లిం సోదరులు పూజ్యంగా చూసుకునే బీబీ కా అలావా ఉంది. అక్కడి బీబీ అలంను గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగం కాలంలో ఆమె ఆదరణతోనే నెలకొల్పారని చెబుతారు. ఏ మతంలోనైనా సింహాసనం భక్తికి నీడనిస్తుంది. అయితే ఆ నీడలో నిలబడ్డవాడు ఏదో ఒక రోజు దానికి వెల చెల్లించవలసి రావచ్చు.

వెయ్యి అడిగితే ఆరువందలు

1631 ప్రాంతంలో రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్ చేరుకున్నాడు. ఫ్రెడరిక్ హెండ్రిక్ ఆయన చేత క్రీస్తు శ్రమల చిత్రమాల వేయించుకున్నాడు. సిలువను పైకెత్తడం, సిలువ మీద నుంచి దింపడం, ఆరోహణం, భూస్థాపన, పునరుత్థానం అనే ఐదు చిత్రాలు 1630ల్లో పూర్తయ్యాయి. అవి ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉన్నాయి. సిలువ మీద నుంచి దింపే చిత్రానికి కాథలిక్ ఆంట్వెర్ప్ దేవాలయంలో రూబెన్స్ వేసిన మహాచిత్రం ఆధారం. రాజుల మధ్య దూతగా కూడా తిరిగిన రూబెన్స్ అప్పట్లో దర్బారుల ప్రియ చిత్రకారుడు. అలాంటి వైభవం తన భవనంలోనూ ఉండాలని ప్రొటెస్టెంటు పాలకుడు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ రెంబ్రాంట్ దింపిన దేహంలో వీరుడి సొగసు లేదు. ప్రాణం పోయి, బరువెక్కి, జారిపోతున్న మనిషి దేహం అది. సిలువను ఎత్తే చిత్రంలో మరో విశేషం ఉంది. క్రీస్తు పాదాల దగ్గర నీలం టోపీ పెట్టుకున్న ఒక యువకుడు సిలువను పట్టుకుని పైకి లేపుతున్నాడు. ఆ ముఖం రెంబ్రాంట్‌దే. యేసును సిలువ వేసినవాళ్లు యూదులో, రోమా సైనికులో మాత్రమే కాదు, అందులో తన చెయ్యి కూడా ఉందని ఆయన ఏలిక గోడమీదే ఒప్పుకున్నాడు. చూడడానికి వచ్చే ప్రభువులకూ అదే ప్రశ్న మిగిలింది.

ఈ పని గురించి ఆయన హైగెన్స్‌కు రాసిన ఏడు ఉత్తరాలు మిగిలాయి. సిలువ ధ్యానం కోసం వాటిని తెరిచినవారికి నిరాశే. వాటిలో ఎక్కువగా ఉన్నది ఆలస్యానికి సంజాయిషీ, బొమ్మ ఎక్కడ వేలాడదీస్తే బాగుంటుందన్న సలహా, డబ్బు ఎప్పుడు అందుతుందన్న ఆత్రం. 1639లో భూస్థాపన, పునరుత్థాన చిత్రాలకు ఒక్కొక్కదానికి వెయ్యి గిల్డర్లు అడిగాడు. అందింది ఆరువందలు. చట్రాలకూ పెట్టెకూ కలిపి మరో 44 ఇచ్చారు. తన కోసం మాట సాయం చేసిన కార్యదర్శికి పెద్ద చిత్రం ఒకటి కానుకగా కూడా పంపాడు. అది సమ్సోను కళ్లు పెరికే చిత్రమని చాలామంది పండితుల అభిప్రాయం. ప్రభువు శ్రమలను గీసిన చేత్తోనే డబ్బు కోసం పదే పదే ఉత్తరాలు రాయవలసి వచ్చింది. అందుకు ఆయనను మేము తప్పు పట్టడం లేదు. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువే సెలవిచ్చాడు (లూకా 10:7). అయితే ఆ డబ్బు వెనుక ఆయన పరుగు అంతటితో ఆగలేదు.

దూరదేశంలో తప్పిపోయినవాడు

1634లో సాస్కియా అనే కలిగిన ఇంటి ఆడపడుచును పెళ్లి చేసుకున్నాడు. ఆ మరుసటి సంవత్సరాల్లోనే తనను, భార్యను కలిపి ఒక చిత్రం వేశాడు. పట్టుబట్టలు, నడుముకు కత్తి, చేతిలో ఎత్తిన పానపాత్ర. అది దూరదేశంలో ఆస్తి దుబారా చేస్తున్న తప్పిపోయిన కుమారుడి వేషం. వేషమే చివరికి జీవితమైంది. 1639లో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు. ఆ రోజుల్లో ఒక పనివాడి ఏడాది సంపాదన మూడువందల గిల్డర్లకు అటూ ఇటూ ఉండేది. ఇంటి అప్పు తీరకుండానే వేలంపాటల్లో చిత్రాలు, శిల్పాలు, కవచాలు, గవ్వలు కొంటూ పోయాడు.

ఆమ్‌స్టర్‌డామ్ సంపదలో మన తీరం వాటా కూడా ఉంది. 1635లో రెంబ్రాంట్ చిత్రించిన ఫిలిప్స్ లూకాస్ డచ్చి ఈస్టిండియా కంపెనీలో పెద్ద అధికారి. ఆ కంపెనీ మన నేతగాళ్ల దగ్గర బట్ట కొనడంతో ఆగలేదు. కరవు కాలాల్లో కోరమండల్ తీరంలో ఆకలితో అలమటించే జనాన్ని బానిసలుగా కొని ఓడల్లో బటావియాకు తరలించింది. తెల్లసున్నం వేసిన దేవాలయంలో ఆదివారం కీర్తనలు పాడిన వర్తకులు సోమవారం ఆ లాభాల లెక్కలు చూసుకున్నారు. గోడమీద ప్రతిమ లేనంత మాత్రాన గుండెలో విగ్రహం లేనట్టు కాదు. ధనాపేక్ష విగ్రహారాధన అని పౌలు హెచ్చరించాడు (కొలొస్సయులకు 3:5).

మరణం ఆ ఇంటిని విడిచిపెట్టలేదు. మొదటి ముగ్గురు పిల్లలు పసికందులుగానే పోయారు. నాలుగోవాడు టైటస్ మిగిలాడు. వాడికి ఏడాది నిండకముందే 1642లో సాస్కియా కన్నుమూసింది. బిడ్డను సాకడానికి వచ్చిన గీర్త్యే అనే విధవతో రెంబ్రాంట్ సంబంధం పెట్టుకున్నాడు. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పాడని 1649లో ఆమె ఫిర్యాదు చేసింది. ఏటా 200 గిల్డర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆయన మాత్రం మరుసటి ఏడాది ఆమెను గౌడా పట్టణంలోని స్త్రీల నిర్బంధ గృహానికి పంపించడంలో చెయ్యి కలిపాడు. ఆమె ఐదేళ్లు అక్కడ మగ్గింది. గొప్పవాళ్ల జీవితాలు చెప్పేటప్పుడు ఇలాంటి పుటలు తిప్పేయడం మన అలవాటు. దావీదు పాపాన్ని బైబిల్ దాచలేదు. గీర్త్యే కన్నీళ్లను మనం దాచితే అది సత్యానికి ద్రోహమే.

తర్వాత హెండ్రిక్యే అనే యువతి ఆ ఇంటికి వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకుంటే సాస్కియా వీలునామా ప్రకారం ఆమె ఆస్తి మీద హక్కు పోతుంది. పెళ్లి జరగలేదు. 1654లో ఆమె గర్భవతిగా ఉండగా సంఘ పెద్దల సభ ఆమెను పిలిపించి, మందలించి, ప్రభువు బల్ల నుంచి దూరం పెట్టింది. శిక్ష పడింది ఆమెకు మాత్రమే. సంఘ క్రమశిక్షణ ఉండవలసిందే. అయితే అది పనిపిల్ల మీద మాత్రమే పడి, ఇంటి యజమానిని తాకకుండా పోతే, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని ఒంటరిగా ఈడ్చుకొచ్చిన పరిసయ్యుల న్యాయం గుర్తుకు రాక మానదు (యోహాను 8:3-5).

అన్నీ పోయాక

1656లో రెంబ్రాంట్ దివాలా తీశాడు. అధికారులు వచ్చి ఇంట్లోని వస్తువులన్నీ జాబితా రాశారు. 363 పద్దులు తేలాయి. వస్తువులన్నీ వేలంలో పోయాయి. 13,000కు కొన్న ఇల్లు 1658లో 11,218 గిల్డర్లకు అమ్ముడైంది. 1660లో హెండ్రిక్యే, టైటస్ కలిసి ఒక వ్యాపారం పెట్టి ఆయనను అందులో పనివాడిగా పెట్టుకున్నారు. అప్పులవాళ్ల బారినుంచి కాపాడుకోవడానికి వాళ్లకు తోచిన దారి అది.

ఆ జాబితాలో సూక్ష్మచిత్రాల సంపుటం ఒకటి కనబడుతుంది. అవి మన దేశం నుంచి వెళ్లిన మొగలు చిత్రాలు కావచ్చునని పండితులు అంటారు. అవి చూసి ఆయన స్వయంగా గీసుకున్న సుమారు రెండు డజన్ల చిత్రాలు నేటికీ ఉన్నాయి. షాజహాను ముఖం వాటిలో ఉంది. చెట్టు కింద కూర్చున్న నలుగురు వృద్ధుల చిత్రం ఒకటి ఉంది. 1656లోనే, అంటే ఇల్లు గుల్లవుతున్న సంవత్సరంలోనే, ఆ కూర్చున్న తీరును ఆధారం చేసుకుని అబ్రాహాము ముగ్గురు అతిథులకు పరిచర్య చేస్తున్న చిత్రం రాగిరేకు మీద చెక్కాడు (ఆదికాండము 18). బల్ల లేదు, కుర్చీ లేదు. అతిథులు మన ఊళ్లలో కూర్చున్నట్టే నేలమీద కూర్చున్నారు. డచ్చి కంపెనీ మన దేశంలో లాభం వెదికింది. అన్నీ పోగొట్టుకున్న చిత్రకారుడు మన దేశపు బొమ్మలో అబ్రాహాము ఆతిథ్యం చూశాడు.

అధికారం మరోసారి ఆయనను పిలిచింది. ఆమ్‌స్టర్‌డామ్ కొత్త నగర భవనానికి 1661-62లో పెద్ద చిత్రం వేశాడు. రోమ్ మీద తిరగబడిన తమ పూర్వికుల నాయకుణ్ణి ఒంటికన్నుతో, ఉన్నవాడిని ఉన్నట్టుగా చూపించాడు. కొద్ది కాలానికే ఆ చిత్రాన్ని గోడమీద నుంచి దించేశారు. దాన్ని కోసి చిన్నది చేశారు. మిగిలిన ముక్క స్టాక్‌హోమ్‌లో ఉంది. 1663లో హెండ్రిక్యే చనిపోయింది. 1668లో టైటస్ కూడా పోయాడు.

ఆ చివరి ఏళ్లలో పూర్తయిందే తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చే మహాచిత్రం. పట్టుబట్టల కుర్రవాడు ఇందులో లేడు. గొరిగిన తల, చిరిగిన బట్ట, అరిగిపోయిన చెప్పు, బయటపడిన మడమ. ముఖం సగం తండ్రి గుండెలో దాగింది. తండ్రి కళ్లు చూపు తగ్గినట్టు వాలి ఉన్నాయి. చేతులు మాత్రం కొడుకు వీపును తడిమి గుర్తుపడుతున్నాయి. పక్కన పెద్ద కొడుకు బిగుసుకుని నిలబడ్డాడు (లూకా 15:20-30). ముప్పై ఏళ్ల కింద పానపాత్ర ఎత్తిన చెయ్యి ఆ కథ రెండో సగాన్ని ఇలా పూర్తి చేసింది. ఈ చిత్రాన్నీ అధికారం వదల్లేదు. 1766లో రష్యా మహారాణి కేథరిన్ కోసం కొన్నారు. ఇప్పుడు అది హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. కానీ ఆ తండ్రి చేతుల కింద నిలబడినవాడికి మహారాణి పేరు గుర్తుకు రాదు.

1669 అక్టోబరు 4న రెంబ్రాంట్ మరణించాడు. అద్దె సమాధిలో పాతిపెట్టారు. మిగిలిన చిత్రాల్లో ఒకటి అసంపూర్తిగా ఉంది. వృద్ధుడైన సుమెయోను బాలయేసును చేతుల మీద ఎత్తుకున్న దృశ్యం అది (లూకా 2:25-32). దేవాలయ వైభవం ఏదీ అందులో లేదు. సగం మూసిన కళ్లు, గట్టిగా పట్టుకోవడానికి కూడా శక్తిలేని చేతులు, ఆ చేతుల మీద శిశువు.

మన సంఘాల సంగతి

ఈ కథ చదివి కాథలిక్కులనో, డచ్చివారినో తప్పు పట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు. మన దేవాలయాల్లో ఫ్యాను రెక్క మీద దాత పేరు ఉంటుంది. బల్లల మీద, ప్రసంగ వేదిక మీద, గేటు పక్క పాలరాతి ఫలకం మీద పేర్లు ఉంటాయి. క్రిస్మస్ వేడుకకు వచ్చిన నాయకుడికి ముందు వరుసలో సోఫా, మెడలో పూలదండ, ప్రసంగానికి ముందే మైకు. దేవాలయానికి స్థలమో, ప్రహరీ గోడో వస్తుందన్న ఆశ. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇవ్వవద్దని యాకోబు రాసి రెండు వేల ఏళ్లు కావస్తోంది (యాకోబు 2:1-4).

కానుకలు వద్దని మేము అనడం లేదు. మెదక్ దేవాలయం 1924లో ప్రతిష్ఠ అయింది. కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని, అన్నం దొరకాలని పాస్నెట్ దొర దాన్ని కట్టించాడు. అక్కడి రంగుటద్దాల కిటికీలను రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ ఇంగ్లండులో రాజులను చిత్రించినవాడే. కానీ ఆ గాజులోంచి వెలుగు పడేటప్పుడు మన కళ్లు వెళ్లేది క్రీస్తు దగ్గరికి. కానుక ప్రభువు వైపు చూపితే అది ఆరాధన. ఇచ్చినవాడి వైపు చూపితే అది ప్రకటన బోర్డు. సొదొమ రాజు సొమ్ము ఇవ్వబోతే అబ్రాహాము చెప్పుల వారు కూడా తీసుకోనన్నాడు. అబ్రామును ధనవంతుణ్ణి చేసింది నేనేనని ఆ రాజు చెప్పుకోకూడదన్నదే ఆయన పట్టుదల (ఆదికాండము 14:22-23). సంఘ కమిటీలు కానుక పుచ్చుకునే ముందు ఆ వచనాలు ఒకసారి చదువుకుంటే మంచిది. ఈ కానుక తర్వాత మన ప్రసంగ వేదిక మీద నుంచి ఏ పాపం గురించి మాట్లాడడం మానేయవలసి వస్తుంది అని తమను తాము అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే, ఆ కానుక వెల ఎంతో కూడా తెలుస్తుంది.

రెంబ్రాంట్ పరిశుద్ధుడు కాడు. ఆయన చేసిన తప్పుల్లో కొన్నింటికి పరిహారమే లేదు. అయినా రాజుగారి గోడమీద వేసిన సిలువలో తనను నేరస్థుల మధ్య నిలబెట్టుకున్నాడు. గోడలన్నీ పోయాక తండ్రి చేతులు గీశాడు. మనం కట్టే గోడలమీద ఎవరి పేరు ఉన్నా, చివరి రోజున మన చేతుల్లో మిగలవలసింది సుమెయోను చేతుల్లో మిగిలినదే. ఆ శిశువును ఏ రాజూ మనకు కానుకగా ఇవ్వలేదు, ఏ రాజూ వెనక్కి తీసుకోలేడు.